అప్‌డేట్: ‘డీటూర్’ (1945) మంచి ప్రింట్ దొరికింది

‘డీటూర్’ అనే పాత హాలీవుడ్ సినిమాలో హీరో లిఫ్ట్ అడిగే సీన్లలో కార్ల స్టీరింగ్ (అమెరికాలో ఎడమవైపు ఉండాల్సింది) కుడివైపు ఎందుకుందని, మంచి ప్రింట్ ఏదైనా ఉందా అని ఆమధ్య అడిగాను కదా. మీరు చెప్పిన 2018 రిస్టొరేషన్ (పాత ఫిల్మ్‌ని బాగుచేసిన కాపీ) చూశాను, చాలా థాంక్స్!

స్టీరింగ్ సంగతీ తేలింది. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ అంటే మ్యాప్‌లో కుడి నుంచి ఎడమకి. ప్రయాణం అలాగే కనిపించాలని ఆ షాట్లని అద్దంలో చూసినట్టు కుడిఎడమలుగా తిరగేశారట, దాంతో స్టీరింగూ కుడివైపుకి వచ్చింది. న్యూయార్క్ వీధులకి సెట్ వేసే బడ్జెట్ లేక దర్శకుడు ఉల్మర్ తెరంతా పొగమంచు నింపి, వీధి పేర్ల బోర్డులు చూపించి నెట్టుకొచ్చాడు. నాకు అది బీదరికంలా అనిపించలేదు, పీడకలలా ఉంది.

అన్నిటికన్నా నటి ఆన్ శావేజ్! కారులో కునుకు తీస్తున్న మనిషి చటుక్కున తల తిప్పి, శవం ఎక్కడ వదిలేశావని హీరోని అడుగుతుంది. పాత ప్రింట్లో మసకగా ఉన్న ఆ కళ్లు ఇందులో స్పష్టంగా కనిపిస్తుంటే ఒళ్లు జలదరించింది. ఉన్నది 68 నిమిషాలే, తప్పకుండా చూడండి.