‘ద్యు’ అంటే ‘కొంచెం’ అని నేర్పడం తప్పా?

కొత్తపలక: ఫ్రెంచ్ ఏ1 (మొట్టమొదటి స్థాయి) చదువుతున్నాను. నామవాచకాల ముందు వచ్చే ద్యు, ద లా, దే... వీటన్నిటికీ ‘కొంచెం’ అని అర్థం పెట్టుకోమన్నారు మా టీచర్. పరీక్షలో ‘జెమ్ ద్యు కఫే’ అని రాస్తే మార్కు పోయింది. నాకు కాఫీ ఇష్టం అనేగా రాశాను!

గోదారిగట్టు: మిమ్మల్ని ముంచింది ఆ ‘కొంచెమే’. బిందెడు నీళ్లు తాగినా ఫ్రెంచ్‌లో ‘ద లో’నే అంటారు. ఎంత అన్నది చెప్పడం లేదని దాని అర్థం, తక్కువని కాదు. నిజంగా కొంచెమే అయితే ‘అం ప ద’ అని వేరే ఉంది. ఇక ఇష్టం అన్నది లోకంలోని కాఫీ మొత్తం మీద. అందుకే ‘జెమ్ ల కఫే’. తాగేది అందులో కాస్త భాగం కాబట్టి ‘జ బ్వా ద్యు కఫే’.

లెక్కలమాస్టారు: ఒప్పుకోను. మొదటి నెలలోనే ఇదంతా చెబితే సగం క్లాసు ఖాళీ. ముందు ‘కొంచెం’ అనుకోనివ్వండి, మినహాయింపులు తర్వాత చెప్పొచ్చు. ఇంగ్లిష్ ‘సమ్’ అలాగే నేర్చుకున్నాం కదా?

గోదారిగట్టు: ‘సమ్’ లేకపోయినా ఇంగ్లిష్ వాక్యం నడుస్తుంది, ఫ్రెంచ్‌లో ‘ద్యు’ తీసేస్తే నడవదండీ. అయినా మనకు ఇంగ్లిష్ దారి ఎందుకు? ‘పిల్లి పాలు తాగింది’ అంటే ‘ద్యు లే’. ‘పిల్లి ఆ పాలు తాగేసింది’ అంటే ‘ల లే’. ఆ తేడా మన చెవికి ముందే తెలుసు.

పప్పుచారు: మధ్యలో నా గోడు. నీళ్లు, పాలు మనకు బహువచనం కదా అని నేను బహువచనపు ‘దే’ పెట్టి ‘దే లే’ అని రాశాను. అక్కడ అవి ఏకవచనం. మన పప్పేమో అక్కడ ‘దే లాంతీయ్’, పాలకూర ‘దే ఎపినార్’, రెండూ బహువచనమే! అన్నం ఒక్కటే కనికరించింది: ‘ద్యు రీ’.

లెక్కలమాస్టారు: సరే, ‘కాఫీ తాగను’ అంటే ‘జ న బ్వా పా ద కఫే’. ఇక్కడ ‘ద్యు’ ఏమైపోయింది?

గోదారిగట్టు: మీరు లెక్కల మనిషి కదా, ఇలా చూడండి. ‘బోకూ ద’ (చాలా), ‘అం కీలో ద’ (ఒక కిలో)... ఎంతో చెప్పేశాక ఒట్టి ‘ద’ చాలు. సున్నా కూడా ఎంతో చెప్పడమే. కానీ ‘ఇది పాలు కాదు’ అంటే ‘స నె పా ద్యు లే’. అక్కడ మాట్లాడేది ఎంత అని కాదు, ఏమిటి అని. అందుకే ‘ద్యు’ కదలదు.

లెక్కలమాస్టారు: సున్నా బాగుంది. ఒప్పుకుంటున్నాను, ఇది నా ‘కొంచెం’తో చెప్పలేను. అయినా మొదటి వారం మాత్రం నాకు అదే కావాలి.

కొత్తపలక: మరి ‘జ నెమ్ పా ల కఫే’లో ‘ల’ మారదా?

గోదారిగట్టు: మారదు. ఇష్టం లేనిది కూడా మొత్తం కాఫీయే కదా.

కొత్తపలక: అయితే హోటల్లో ‘ద్యు కఫే’ అడగాలా?

పప్పుచారు: కప్పు లెక్కన అడుగుతారు కాబట్టి ‘అం కఫే’. మనం ‘ఒక కాఫీ’ అనమూ, అలాగే.