పెట్రోల్ మీద మనం కట్టే పన్ను నిజంగా వాతావరణం కోసమేనా?

గోదారిగట్టు:
నమస్తే అందరికీ. మాది యానాం పక్క ఊరు, ఏపీలోకే వస్తుంది. వారానికోసారి బండేసుకుని యానాం వెళ్లి ట్యాంకు ఫుల్ కొట్టించుకొస్తా, అది పాండిచ్చేరి కింద లెక్క కదా, వ్యాట్ తక్కువ, లీటరుకి పది పైనే మిగులుద్ది. ఆదివారం పొద్దున చూడాలి ఆ బంకు దగ్గర, సగం బళ్లు ఏపీ 05, ఏపీ 39 నంబర్లే. మొన్న లైన్లో నా వెనకున్న కుర్రోడు, కాకినాడలో ఇంజనీరింగంట, "చవగ్గా దొరికితే జనం ఇంకా తగలేస్తారండి, భూమి వేడెక్కిపోతుంది, ఉప్పాడలో సముద్రం రోడ్డునే మింగేస్తుంటే చూట్లేదా, రేటు ఎక్కువుండడమే మంచిది" అన్నాడు. మరి నువ్వెందుకొచ్చావయ్యా ఇక్కడికి అంటే నవ్వేశాడు. కానీ ఆ మాట బుర్రలో ఉండిపోయింది. మనం కట్టేది వాతావరణం కోసమేనా? అలాగైతే 2020లో క్రూడు, అదే ముడి చమురు రేటు సున్నా కిందకి పడిపోయిందని టీవీల్లో మోత మోగించారు, మనకి పైసా తగ్గలేదేం? తెలిసినోళ్లు చెప్పండి, పార్టీల గొడవొద్దు.

బంకుమాజీ:
ఆరేళ్లు బంకులో లెక్కలు రాశానండి, చెప్తా. సున్నా కిందకి పడింది డబ్ల్యూటీఐ అనే అమెరికా క్రూడు రేటు, అదీ 2020 ఏప్రిల్ 20న. మనం కొనే క్రూడు ఆ నెల్లో బ్యారెల్ 20 డాలర్ల దగ్గరుంది. అంటే బాగానే పడింది, కానీ మే మొదటి వారంలో కేంద్రం రాత్రికి రాత్రి లీటరు పెట్రోల్ మీద 10 రూపాయలు, డీజిల్ మీద 13 ఎక్సైజ్, అంటే కేంద్రం వేసే పన్ను, పెంచి ఆ తగ్గిందంతా మధ్యలోనే పట్టేసింది. 2014లో పెట్రోల్ మీద ఎక్సైజ్ 9.48 అండి, ఆ పెంపుతో 32.98 అయింది. తర్వాత 2021 నవంబరులో 5, 2022 మేలో 8 తగ్గించారనుకోండి. ఇందులో ఇంకో మెలిక, రాష్ట్రాలకి పంచాల్సిన బేసిక్ ఎక్సైజ్‌ని 2021 బడ్జెట్లో లీటరుకి 1.40 చేసేశారు, మిగతాదంతా సెస్సులు సర్‌చార్జీల పేరుతో కేంద్రం దగ్గరే ఉండిపోద్ది. రాష్ట్రమేమన్నా తక్కువ తిందా, ఏపీలో 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సని ఇంకో రూపాయి. శాతం కాబట్టి క్రూడు పెరిగితే వాళ్ల రాబడి దానంతటదే పెరుగుద్ది. ఇన్నేళ్లు ఆ లెక్కలు రాసిన నాకు వాతావరణం అనే ముక్క అందులో ఎక్కడా కనపడలేదు. ఇది ఖజానా లెక్క.

గనిబిడ్డ:
అన్నా మాది గోదావరిఖని, ఇంట్ల అందరు సింగరేణే. గా పిలగాడు చెప్పింది సగం కరెక్టే గని పెట్రోల్ ఒక్కటే పట్టుకున్నడు. దేశంల కరెంటు నూటికి డెబ్బై వంతులు బొగ్గుదే. నేను పోయినేడు ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్న, రాత్రి ఛార్జింగ్ పెడ్త, తెల్లారి లేచి పిట్టగోడ మీద వేలుతోని గీస్తే నల్లగ బూడిద, గా కరెంటు మా పక్క బొగ్గు ప్లాంటుకెల్లే వచ్చింది మల్ల. అయినా బండి నయమే, ఇంజన్ల సగానికి ఎక్కువ వేడి కిందనే పోతది, మోటరుకు గంత నష్టం లేదు, నాకు ఖర్చు కూడ మస్తు తగ్గింది. గని పగటీలి సోలార్ ఉన్నప్పుడు నేను డ్యూటీల ఉంట, అక్కడ ప్లగ్గు లేదు. అందరం రాత్రే పెడ్తం, రాత్రి సోలార్ ఉండది. ఇగ గనులు బంద్ పెట్టుమంటె మా ఊరు ఏం తినాలె? గిది అడిగితే ఎవ్వలు మాట్లాడరు.

నలుగురిలోఒకడు:
తిట్టుకోండి కానీ రేటు ఎక్కువుంటే వాడకం తగ్గుతుందన్నది అబద్ధమేం కాదు. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో లీటరు వంద దాటాక మా ఆఫీసులో నలుగురం ఒకే కార్లో రావడం మొదలెట్టాం, అంతకుముందు ఎంత మొత్తుకున్నా ఒక్కడూ వినలేదు. చవక పెట్రోల్ వల్ల ఎక్కువ లాభం నెలకి వంద లీటర్లు తాగించే కారోడికే, పది లీటర్ల బైకోడికి కాదు. నా బాధల్లా వసూలైన డబ్బు బస్సుల్లోకి రావట్లేదని. ఫ్రాన్స్‌లో 2018లో కార్బన్ పన్ను, అంటే పొగ మీద పన్ను పేరుతో డీజిల్ రేటు పెంచబోతే జనం పసుపు జాకెట్లేసుకుని రోడ్లెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది, అక్కడి పల్లెలోళ్ల గోల కూడా ఇదే, బస్సు లేనిచోట కారు మానెయ్యమంటే ఎలా అని. డీజిల్ సంగతి వేరు, లారీ కిరాయి పెరిగితే అది టమాటా మీద పడుతుంది.

బంకుమాజీ:
ఇథనాల్ మర్చిపోయారు. వాతావరణం పేరు చెప్పి చేసింది అదొక్కటే, పెట్రోల్లో 20 శాతం కలుపుతున్నారు. లీటరు ఇథనాల్లో పెట్రోల్ కంటే మూడో వంతు శక్తి తక్కువ, మైలేజీ తగ్గుద్ది, రేటు తగ్గదు. అదీ చెరకు నుంచే కాదు, నూకలు, మొక్కజొన్న నుంచి కూడా తీస్తున్నారు.

గోదారిగట్టు:
అందరికీ థాంక్సండి. నలుగురిలోఒకడు గారూ, మీరన్న బస్సు మాట నిజం. మా ఊరికి పొద్దున ఏడింటికొకటి, సాయంత్రం ఐదున్నరకొకటి, అంతే. మా ఆవిడకి టికెట్ ఫ్రీ, ఆధార్ చూపిస్తే చాలు, కానీ ముందు బస్సంటూ రావాలి కదా. ఇంకా నవ్వొచ్చేదేంటంటే మా కోనసీమ పొలాల కిందంతా గ్యాసే. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండింది, రాత్రిళ్లు ఆ వెలుగు మా ఊరి నుంచే కనపడేదని మా నాన్న ఇప్పటికీ చెప్తాడు. అన్ని బావులున్న చోట పుట్టి పెట్రోల్ కోసం యానాం పరిగెత్తుతున్నాం. ఈ ఆదివారం ఆ కుర్రోడు కనిపిస్తే ఇద్దరం ఒకే బండి మీద వద్దామయ్యా, నూనె మిగులుద్ది అని అడుగుతా. ఒక బండి మీదొస్తే ఒక ట్యాంకే నిండుద్ది కదండీ అంటాడేమో, అదీ పాయింటే.