వెల్లింగ్టన్: గొప్ప సేనానా, సైనికుల్ని చిన్నచూపు చూసిన దొరా?

సీమ_చదువరి
1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్‌ను ఓడించాడు కాబట్టి బ్రిటిష్ సైన్యాన్ని నడిపిన వెల్లింగ్టన్ డ్యూక్ మహా సేనాని అంటారు. తన సైనికుల్నే ‘లోకంలోని చెత్త’ అని రాసిన మనిషాయన. ప్రాణాలు వాళ్లవి, పేరు ఈయనది. 1799లో టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం కోట మీదికి సేనను నడిపించింది బెయిర్డ్ అనే ఇంకో సేనాని. కోట చేతికొచ్చాక దాని పెత్తనం దక్కింది మాత్రం గవర్నర్ జనరల్ తమ్ముడైన ఈ ఆర్థర్ వెల్లెస్లీకి (డ్యూక్ కాకముందు ఈయన పేరది). ఇందులో గొప్పతనం ఎక్కడుంది?

పాత_కాగితాలు
చదువరి గారూ, ఆ మాట ఎప్పుడు రాశాడో చూడండి. 1813 జూన్ 21న స్పెయిన్‌లో విటోరియా యుద్ధం గెలిచారు. ఓడిన జోసెఫ్ రాజు (నెపోలియన్ అన్న) బళ్లలో డబ్బూ నగలూ దొరికేసరికి సైనికులు శత్రువును తరమడం వదిలేసి దోపిడీకి దిగారు. ఆ కోపంలో జూలై 2న మంత్రి బాథర్స్ట్‌కు రాసిన ఉత్తరమది. 1831లో తన మాటలు రాసిపెట్టుకునే స్టాన్‌హోప్‌తో మాట్లాడుతూ మళ్లీ అదే మాటన్నాడు, కానీ అక్కడితో ఆగలేదు. అలాంటివాళ్లను ఇంత మంచి సైనికులుగా తయారుచేయగలిగామంటే నిజంగా అద్భుతమే అన్నాడు. ఈ రెండో సగాన్ని ఎవరూ ఎత్తరు.

ఓరుగల్లు_బిడ్డ
తయారుచేసింది దేనితోటి అన్నా? కొరడాతోటి! కొరడా దెబ్బలు తీసేస్తే ఫౌజుల క్రమశిక్షణ నిలవదని 1830లల్ల విచారణ కమిషన్ ముంగట చెప్పిందీ ఈయనే. 1812 ఏప్రిల్‌ల స్పెయిన్‌ల బడహోస్ కోట పట్టినంక సైనికులు ఆ ఊరి జనాన్ని దినాల తరబడి దోచిండ్రు, ఆడోళ్లను చెరిచిండ్రు. ఉరికంబాలు పాతిచ్చేదాక ఆగలే. కోటగోడల కింద తన మనుషుల శవాలు చూసి ఏడ్చిండంటరు, నిజమే. మరి ఊరోళ్ల ఏడ్పు ఎవరికి పట్టింది?

కృష్ణ_ఒడ్డు
చిన్న సవరణ. ‘వాటర్లూను ఏటన్ బడి ఆటస్థలాల్లో గెలిచాం’ అనే మాట కూడా చాలాచోట్ల ఈయన పేరు మీదే తిరుగుతుంది. ఆయన 1852లో పోయాకే అది అచ్చులో కనబడింది. ఏటన్‌లో ఆయన సంతోషంగా ఉన్నదీ లేదు, పేరు తెచ్చుకున్నదీ లేదు. ఆ మాట పట్టుకుని పొగడడం, తిట్టడం రెండూ దండగ.

పాత_కాగితాలు
ఓరుగల్లు తమ్ముడూ, బడహోస్ విషయంలో నువ్వన్నదానికి నా దగ్గర జవాబు లేదు. సేనానిగా ఆయన ఏమిటో తెలియాలంటే మాత్రం వాటర్లూ కన్నా అస్సాయే యుద్ధం చూడాలంటాను. ఇప్పటి జాల్నా జిల్లాలో ఉంది. 1803 సెప్టెంబర్ 23న మరాఠా దొరలు సింధియా, భోంస్లేల పెద్ద సైన్యం నది అవతల ఉంది. వెల్లెస్లీకి తోడుగా రావాల్సిన, స్టీవెన్‌సన్ నడిపిస్తున్న హైదరాబాద్ దళం ఇంకా చేరలేదు. నది దాటే రేవు దగ్గర్లో లేదని దారి చూపేవాళ్లు తేల్చేశారు. వెల్లెస్లీ చూస్తే నదికి ఈ గట్టున ఒక ఊరు, సరిగ్గా ఎదురు గట్టున ఇంకో ఊరు. మనుషులు దాటే దారి లేకుండా ఇలా ఎదురెదురుగా ఊళ్లు కట్టుకోరు కదా అనుకుని అటే నడిపించాడు. రేవు ఉంది! దాటుతుంటే పక్కనున్న సైనికుడి తల ఫిరంగి గుండుకు ఎగిరిపోయింది. జీవితంలో బాగా చేసిన యుద్ధం ఏదని ముసలితనంలో అడిగితే ఆయన చెప్పిన పేరు ఇదే.

సీమ_చదువరి
బుర్ర ఉందని ఒప్పుకుంటాను. కానీ స్టీవెన్‌సన్ మర్నాడే వచ్చాడు కదా? ఒక్క రోజు ఆగకుండా దిగినందుకు సుమారు 1,600 మంది చచ్చారు, గాయపడ్డారు. 74వ స్కాట్లాండ్ పటాలం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మిగతా కాల్బలంలో ఎక్కువమంది మద్రాసు సిపాయిలు. తెలుగువాళ్లు విరివిగా చేరిన సైన్యం అది. నెపోలియన్ ఈయన్ని ‘సిపాయి జనరల్’ అని వెక్కిరించాడని చెప్పుకుంటాం. ఆ సిపాయిల్లో ఒక్కడి మాటైనా ఎవరైనా రాసిపెట్టారా?

ఓరుగల్లు_బిడ్డ
గదే నేననేది. మద్రాస్ రెజిమెంట్ టోపీ బిళ్ల మీద ఆ అస్సాయే గెలుపు గుర్తుగా ఏనుగు బొమ్మ ఇప్పటికీ ఉన్నది. ఆ ఏనుగు గుర్తు కోసం ఎవరు సచ్చిండ్రో చెప్పే ఉత్తరం ఉంటే పెట్టుండ్రి పాత కాగితాలన్నా, దొర ఉత్తరాలు చాలు.