షాపు ఓపెనింగ్‌కి వచ్చిన హీరోని ఎత్తుకెళితే డబ్బు ఎవరిస్తారు? (నా స్క్రిప్టుకి సలహా కావాలి)

రాజోలు_రీలు:

అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో కొన్నేళ్ళు అసిస్టెంట్ డైరెక్టరుగా చేసి ఇంటికొచ్చేశాను. ఇప్పుడు సొంతంగా ఒక కథ రాసుకుంటున్నాను. బడ్జెట్ 40 లక్షలు. అందులో సగం మా మేనమామ రొయ్యల మీద సంపాదించింది. కాబట్టి కథ ముందు ఆయనకి అర్థమవ్వాలి.

హీరో ఒకప్పుడు, అంటే తొంభైల్లో, వరసగా హిట్లు కొట్టినవాడు. ఈస్ట్, వెస్ట్ గోదావరి జిల్లాల్లో సినిమా ఆడించే హక్కుల కోసం బయ్యర్లు ఆయన ఆఫీసు ముందు పడిగాపులు కాసేవారు. ఇప్పుడు అరవై దాటాయి. తండ్రి వేషాలు ఇస్తామంటే వెళ్ళడు, హీరో వేషాలు ఎవరూ ఇవ్వరు. షాపు ఓపెనింగ్‌లు, కాలేజీ ఫంక్షన్లతో బండి నడుస్తోంది. అమలాపురంలో చీరల షాపు రిబ్బన్ కటింగ్‌కి వస్తాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ముగ్గురు కలిసి ఎత్తుకెళతారు. ఒకడు రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని, రొయ్యలకొచ్చే తెల్లమచ్చ వైరస్ దెబ్బకి మునిగిపోయిన రైతు. ఇంకొకడు ఆ రోజు ఆయన కారు డ్రైవరు. మూడోవాడు ఆయన అభిమాన సంఘానికి పాత అధ్యక్షుడు. కటౌట్లకీ పాలాభిషేకాలకీ వాళ్ళమ్మ గాజులు తాకట్టు పెట్టినవాడు. ఆ గాజులు మళ్ళీ ఇంటికి రాలేదు.

కోటి రూపాయలు అడుగుతారు. ఎవరూ ఇవ్వరు. నిర్మాతలు ఫోనెత్తరు. టీవీ వాళ్ళు ఇదేదో కొత్త సినిమా ప్రమోషన్ అనుకుంటారు. ఇంటర్వెల్ దాకా బాగానే వచ్చింది. తర్వాతే కదలటం లేదు. షెడ్డులో కట్టేసిన మనిషి, చుట్టూ ముగ్గురు, మధ్యలో ఫోన్లు. ఎంత రాసినా అంతే.

పైగా మన కోనసీమలో కొత్త మొహం కనపడితే "ఎవరి తాలూకండీ?" అని అడగనిదే వదలరు కదా. అలాంటిచోట అందరికీ తెలిసిన మొహాన్ని ఎక్కడ దాచాలి? ఛేజింగులకి డబ్బుల్లేవు, మరి టెన్షన్ ఎక్కడ నుంచి తేవాలి? "కథ సిటీకి మార్చెయ్" అని మాత్రం చెప్పకండి, ప్లీజ్. ఆ సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు.

పాత_మేనేజరు:

బాబూ, నేను మన రెండు జిల్లాల్లో షూటింగులకి లోకల్ మేనేజరుగా చాలాకాలం చేశాను. ఇళ్ళు మాట్లాడటం, పడవలు మాట్లాడటం, జనాన్ని ఆపటం, క్యారేజీలు తెప్పించటం నా పని. కుమారదేవంలో, ఎన్నో సినిమాలు తీసినందుకు సినిమా చెట్టు అని పేరుపడ్డ చెట్టు కింద ఎంతమంది హీరోలకి గొడుగు పట్టించానో లెక్కలేదు. ఆ చెట్టు కూడా 2024 ఆగస్టులో కూలిపోయింది. సరే, అది వేరే ఏడుపు.

నీకు కావలసిన టెన్షన్ సఖినేటిపల్లి రేవులో ఉంది. చించినాడ వంతెన మీద పోలీసులు కార్లు ఆపుతున్నారని వీళ్ళకి కబురు అందుతుంది. ఇక దారి ఒక్కటే, పంటు (కార్లని కూడా దాటించే రేవు పడవ) ఎక్కి గోదారి పాయ వశిష్ట దాటి నరసాపురంలో దిగాలి. పంటు మీద కారు పెట్టాక సంగతి నీకు తెలిసిందే. ముందూ వెనకా మోటార్ సైకిళ్ళు, పక్కన చేపల బుట్టలు, తలుపు కూడా పూర్తిగా తెరుచుకోదు. ఇంజిన్ ఆపెయ్యాలి. పారిపోదామంటే చుట్టూ గోదారి. ఊరికే నిలబడ్డ ప్రతివాడూ ఏం తోచక కారులోకే తొంగిచూస్తాడు. దీనికి సెట్టు అక్కర్లేదు, ఫైట్ మాస్టరు అక్కర్లేదు, టిక్కెట్టు డబ్బులు చాలు.

ఇక ఆ హీరో గురించి. నువ్వు ఆయన్ని భయపడే మనిషిగా రాసుకున్నట్టున్నావు, అందుకే కథ ఆగింది. నేను చూసిన ఒకాయన ఉన్నాడు, పేరు చెప్పను. వెలుగంతా అయిపోయాక ఒక చిన్న వేషానికి వచ్చాడు. లాడ్జి నుంచి లొకేషన్‌కి వెళ్ళేటప్పుడు కారులో ఏసీ ఉన్నా అద్దం దింపించేవాడు. రావులపాలెం సెంటర్లో అరటిగెలల లారీల మధ్య ఇరుక్కుంటే మేమంతా విసుక్కునేవాళ్ళం, ఆయన మాత్రం తల బయటపెట్టి కూర్చునేవాడు. ఎవరైనా గుర్తుపట్టి దణ్ణం పెట్టిన రోజు ఎంత పెద్ద డైలాగైనా ఒకే టేకు. పట్టని రోజు కాఫీ చల్లారిందని గొడవ, కుర్చీ ఎండలో వేశారని గొడవ. చివరికి నేనే టీకొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళకి టీ డబ్బులిచ్చి, కారు రాగానే "అన్నయ్యా" అని అరవమనేవాణ్ణి. ఆయనకి సంగతి తెలుసనే నా అనుమానం. ఒకరోజు దిగుతూ "నీ కుర్రాళ్ళు ఇవాళ సరిగ్గా అరవలేదయ్యా" అన్నాడు.

అలాంటి మనిషిని పంటు ఎక్కించు. మొహానికి మఫ్లర్ చుట్టి మధ్యలో కూర్చోబెడతారు కదా, నడి గోదాట్లో ఆయనే మఫ్లర్ కిందికి లాగేస్తాడు. అభిమాన సంఘం వాడికి పైప్రాణాలు పైనే పోతాయి. బయట నుంచి ఒక కాలేజీ కుర్రాడు చూస్తాడు, చూసి మళ్ళీ ఫోన్లో తల పెట్టేస్తాడు. చేపల బుట్టావిడ చూస్తుంది, "కాస్త జరగండి బాబూ" అంటుంది. ఎవరూ గుర్తుపట్టరు. ఇప్పుడు కోపం ఎవరికి రావాలి? అభిమాన సంఘం వాడికి! "ఏరా, అన్నయ్యని గుర్తుపట్టలేదా?" అని నోటిదాకా వచ్చేస్తుంది. ఆ మాట అన్నాడో ముగ్గురూ జైలుకే. అనకుండా ఆగలేడు. నరసాపురం రేవు వచ్చేదాకా వాణ్ణి ఆ మాటతో వేయించు.

ఇంకొకటి. కాలువలో పడవ సీనులేమైనా ఉంటే వేసవి పెట్టుకోకు. పంట అయ్యాక కాలువలు కట్టేస్తారు, మే నెలలో యూనిట్‌ని దింపితే బురదే తీసుకోవాలి.

ఫస్ట్‌షో_బాబాయి:

రిఫరెన్సులు కావాలంటే రెండు చెబుతాను. 2000 జూలై 30న కన్నడ రాజ్‌కుమార్ గారిని గాజనూరు ఇంటి నుంచి వీరప్పన్ ఎత్తుకెళ్ళాడు. 108 రోజులు అడవిలోనే. బెంగళూరులో అల్లర్లు జరిగాయి, ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చుని మాట్లాడుకున్నారు, నక్కీరన్ పత్రిక ఎడిటర్ గోపాల్‌ని మధ్యవర్తిగా అడవిలోకి పంపారు. అది స్టార్ అంటే.

రెండోది చాప్లిన్. 1977 క్రిస్మస్ రోజు చనిపోతే, తర్వాతి మార్చిలో స్విట్జర్లాండ్ శ్మశానం నుంచి శవపేటికనే తవ్వి తీసుకుపోయారు. భార్య ఊనా పైసా ఇవ్వనంది. పోలీసులు ఫోన్ల మీద నిఘా పెట్టి మేలో పట్టుకున్నారు. చూస్తే ఇద్దరు మెకానిక్కులు, పొట్టకూటికి వలస వచ్చినవాళ్ళు. నీ ముగ్గురూ వీళ్ళ చుట్టాలే. రాజ్‌కుమార్ ఉదంతాన్ని మాత్రం హీరో నోట ఒకసారి చెప్పించు. టీవీ పెట్టమని అడిగి, "ఎక్కడైనా బస్సు తగలబెట్టారా?" అని ఆశగా అడగాలి.

చెరువుగట్టు:

షెడ్డు సంగతి నేను చెబుతాను, మాది అదే పని.

దాచడానికి చెరువుని మించిన చోటు లేదు. కొత్తవాళ్ళు కాళ్ళతో వైరస్ మోసుకొస్తారని మేము మామూలుగానే ఎవరినీ గట్టు మీదికి రానివ్వం. ఎవరూ రాకపోతే ఎవరికీ అనుమానం ఉండదు. రాత్రంతా ఏరియేటర్లు (నీళ్ళలోకి గాలి ఎక్కించే మిషన్లు) తిరుగుతాయి కాబట్టి నోటికి ప్లాస్టర్ కూడా అనవసరం, ఎంత అరిచినా పక్క గట్టుకి వినపడదు. మీరు అక్కడ సౌండ్ రికార్డు చేద్దామనుకుంటే మాత్రం కష్టం, డబ్బింగే గతి.

ఒక సవరణ. తెల్లమచ్చ వచ్చిన చెరువులో ఇంకా రొయ్యలుండవు. ఉన్నదేదో పట్టేసి, నీళ్ళు శుద్ధి చేసి, ఎండబెడతారు. కాబట్టి పోయింది పాత పంట అని రాయండి. ఇప్పుడున్నది మేత షాపులో అరువు పెట్టి వేసిన వనామీ రకం రొయ్య. ఇంకా 100 కౌంట్ (కిలోకి వంద రొయ్యలు) దగ్గరే ఉంది, పట్టుబడికి రాలేదు.

ఇప్పుడు మీ సెకండాఫ్. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోతుంది. మిగతా ఇద్దరూ ఫోన్ టవర్ని బట్టి చోటు దొరక్కుండా దూరంగా ఎక్కడికో వెళ్ళి ఫోన్ చేస్తున్నారు. రైతు ఒక్కడే ఉన్నాడు. జనరేటర్ హ్యాండిల్ ఎంత తిప్పినా అంటుకోదు. రొయ్య అంచులకొచ్చి పైకి తేలటం మొదలుపెడుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే పంట మొత్తం చచ్చి తేలుతుంది. హ్యాండిల్ తిప్పడానికి రెండో మనిషి కావాలి. ఉన్న రెండో మనిషి కుర్చీకి కట్టేసి ఉన్నాడు. విప్పాలా వద్దా? నాకైతే దీనికన్నా పెద్ద క్లైమాక్స్ అక్కర్లేదండి. ఆ టైములో మనిషికి కోటి రూపాయలు గుర్తుండవు, నీళ్ళే కనపడతాయి.

లేసు_దారం:

అన్నీ బాగున్నాయి గానీ, ఈ కథలో ఆడమనిషే లేదా? ఉన్న ఒక్క భార్య కూడా ఫోన్ దగ్గర కూర్చుని ఏడవడానికేనా?

పని లేని హీరో ఇంట్లో లెక్కలు చూసేది ఎవరనుకుంటున్నారు? ఓపెనింగ్‌కి ఎంత, అడ్వాన్స్ ఎంత, కారు ఎవరు పంపాలి, సన్మానంలో ఇచ్చిన శాలువాలు ఏం చెయ్యాలి, అంతా ఆవిడే. కిడ్నాపర్ ఫోన్ చేసి "మీ ఆయన మా దగ్గరున్నాడు" అంటే ఆవిడ మొదటి మాట "ఎన్నింటికి పంపిస్తారు? రాత్రి ఎనిమిది దాటితే రేటు వేరే" అని ఉండాలి. హాల్లో నవ్వుతారు. నవ్వు ఆగాక ఆవిడకి సంగతి అర్థమవుతుంది. అప్పుడు కూడా ఏడవకూడదు. బేరం మొదలుపెట్టాలి. ఇల్లు బ్యాంకులో ఉందని, కోటి కాదు కదా పది లక్షలు కూడా లేవని ఆవిడకి తెలుసు. ఆ సంగతి మొగుడికి తెలియకుండా ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఫోన్ స్పీకర్లో ఉందని, ఆయన వింటున్నాడని మాత్రం ఆవిడకి తెలియదు.

కోర్టు_గుమస్తా:

చిన్న మాట. డబ్బు కోసం కిడ్నాప్ అనగానే అందరూ ఐపీసీ 364ఎ రాసేస్తారు. కథ 2024 జూలై 1 తర్వాత జరిగితే భారతీయ న్యాయ సంహితలో 140(2) అవుతుంది. శిక్ష మాత్రం అదే, మరణశిక్ష లేదా యావజ్జీవం. ఇది విన్నప్పుడు డ్రైవరు మొహం మీద క్లోజప్ పెట్టండి, వాడికి ఏదో చిన్న కేసు అనే ధైర్యం ఉండి ఉంటుంది.

లంకవాసి:

చెరువు కాకుండా క్లైమాక్స్ గోదారి మధ్యలో ఉండే లంకలో పెట్టరాదా? వరద టైమ్. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు మా ఇంట్లో మంచాల మీద మంచాలు వేసుకున్నాం. కిడ్నాపర్లు పెట్టిన గడువుని గోదారి పట్టించుకోదు కదా. వరద చూపించే ఖర్చు కూడా లేదు. జనం గేదెల్ని గట్టుకి తోలుకుపోతున్నట్టు చూపిస్తే మనవాళ్ళకి చాలు, మిగతాది వాళ్ళే ఊహించుకుంటారు.

పాత_మేనేజరు:

గేదెలు నాకు నచ్చాయి. పడవ మాత్రం వద్దు. 2019లో కచ్చులూరు దగ్గర టూరిస్టు పడవ మునిగిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. హెచ్చరిక ఉన్నప్పుడు పడవ కదపనివ్వరు, మనం కదపకూడదు కూడా. అన్నట్టు నీళ్ళు పెరిగితే పంటు కూడా ఆపేస్తారు. వరద పెట్టుకున్నావంటే పంటు సీను పోతుంది. ఏదో ఒకటి తేల్చుకో.

రాజోలు_రీలు:

ఆయ్, పంటే ఉంచుతానండి. లంకవాసి గారూ, ఏమనుకోకండి, వరద ఒక పూర్తి సినిమాకి సరిపోయే విషయం, చివర్లో ఇరికిస్తే రెండూ చెడతాయి.

జనరేటర్ సీను రాత్రి మా మేనమామకి చదివి వినిపించాను. ఇప్పటిదాకా కథ మొత్తం మీద ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న, "రొయ్య బతికిందా?" హీరో బతికాడా అని అడగలేదు. అంటే సీను నిలబడినట్టే. తాడు విప్పాక హీరో పారిపోడు. ఎందుకు పారిపోలేదో డైలాగులో చెప్పించను. అంతకుముందే స్పీకర్లో భార్య మాటలు విని ఉంటాడు కాబట్టి చెప్పక్కర్లేదనుకుంటున్నాను. లేసు_దారం గారూ, "రాత్రి ఎనిమిది దాటితే రేటు వేరే" అనే మాట వాడుకోవచ్చా? టైటిల్స్‌లో పేరు వేస్తాను.

మేనేజరు గారూ, పంటు మీద పగలు తీయాలా, చీకటి పడ్డాకా? జనాన్ని ఎలా ఆపమంటారు?

లేసు_దారం:

వాడుకోండి. పేరు వద్దు, మా ఆయన చూస్తాడు.

పాత_మేనేజరు:

ఆపొద్దు. ఆపితే ఆ సీను చచ్చిపోతుంది. రేవు పాటదారుతోనూ (వేలంలో రేవు పాడుకున్నాయన) పోలీసులతోనూ ముందే మాట్లాడి కాగితం తీసుకో, కెమెరా కారులోపలే పెట్టు, సాయంత్రం కాలేజీలు వదిలే టైముకి ఎక్కు. తొంగిచూసేవాళ్ళు నిజంగానే తొంగిచూస్తారు, జూనియర్ల కూలి మిగులుతుంది. మొహాలు స్పష్టంగా పడినవాళ్ళని మాత్రం అవతలి రేవులో దిగాక అడిగి సంతకం పెట్టించుకో.

హీరో వేషానికి నిజంగా పాత హీరోనే తెచ్చేటట్టయితే, ఎవరూ గుర్తుపట్టని సీను అని ఆయనకి ముందే చెప్పు. పంటు మీద చెబితే దిగిపోతాడు. అలాగే మీ మేనమామకి బుట్టతోనో మోటార్ సైకిల్‌తోనో ఆ పంటు మీద ఒక వేషం ఇవ్వు. డబ్బు పెట్టినాయన ఫ్రేములో కనపడకపోతే రెండో షెడ్యూలుకి పైకం రాదు.