జెజెరో ఫొటోలు అతికించి 12 అడుగుల ఫ్లెక్స్ వేయాలి: అతుకులు, రంగు తేడాలు పోవాలంటే?

ఉప్పల్_ఆకాశం:
అందరికీ నమస్కారం. అంగారకుడి మీద జెజెరో బిలంలో దిగిన పర్సెవరెన్స్ రోవర్ జంట కెమెరా మాస్ట్‌క్యామ్-జెడ్ తీసిన రా (రంగు సరిదిద్దని) ఫొటోలను నాసా సైటు నుంచి దించుకుని, ఫొటోలు అతికించే హ్యూగిన్ సాఫ్ట్‌వేర్‌లో పనోరమా చేస్తున్నాను. హైదరాబాద్‌లో బడిపిల్లల సైన్స్ ప్రదర్శన కోసం 12 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు ఫ్లెక్స్ కావాలి. 360 డిగ్రీలూ కనబడాలి. ఒకే సోల్‌లో (అంగారకుడి మీద ఒక రోజు) తీసిన 38 ఫొటోలు వేశాను. కొన్ని అసలు అతకడం లేదు. అతికిన వాటిలో ఒక రాయి నీడ ఎడమకు, పక్క రాయి నీడ కుడికి పడుతోంది. ప్రతి అతుకు దగ్గరా నిలువుగా నల్ల గీత వస్తోంది. రోవర్ డెక్ (పైభాగం) రెండుగా కనిపిస్తోంది. మొత్తం బొమ్మకి పసుపు కలిసిన ఆకుపచ్చ ఛాయ ఉంది. తప్పు ఎక్కడ జరుగుతోంది?

మౌలాలి_గుట్ట:
ఒకే సోల్ అయితే చాలదు అన్నా. హ్యూగిన్ తెరిచే ముందు ఫైలు పేర్లు చదవండి, మీ చిక్కుల్లో సగం అక్కడే తేలిపోతాయి.

పేరు 'జెడ్ ఎల్' అని మొదలైతే ఎడమ కెమెరా, 'జెడ్ ఆర్' అయితే కుడి కెమెరా. రెండింటి మధ్య 24.4 సెంటీమీటర్ల ఎడం ఉంది కాబట్టి కలిపి వేస్తే దగ్గరి రాళ్లు ఎప్పటికీ కుదరవు. తర్వాతి 4 అంకెలు సోల్. ఆ తర్వాత వచ్చే 10 అంకెలు రోవర్ గడియారం, 2000 జనవరి 1 మధ్యాహ్నం నుంచి లెక్కపెట్టిన సెకన్లు. ఇంకాస్త ముందుకెళ్తే 'ఎన్' అక్షరం, దాని వెంట 7 అంకెలు ఉంటాయి. వాటిలో మొదటి 3 సైటు (రోవర్ ఉన్న చోటు), మిగతా 4 డ్రైవ్ (ఆ చోట రోవర్ కదలికల లెక్క). ఈ 7 అంకెలూ అన్ని ఫొటోల్లో ఒకేలా ఉంటేనే రోవర్ కదలకుండా నిలబడి తీసినట్టు. ఒక సోల్‌లో పొద్దున కొన్ని తీసి, నడిచి, సాయంత్రం ఇంకొన్ని తీయడం మామూలే. 'ఎన్' బదులు 'టి' ఉంటే అది థంబ్‌నెయిల్ (చిన్న నమూనా బొమ్మ), పక్కన పడేయండి. పేరు చివరి భాగంలో మొదటి 3 అంకెలు ఫోకల్ లెంగ్త్: 034 అంటే 34 మి.మీ., 110 అంటే 110 మి.మీ. ఈ కెమెరాకి జూమ్ ఉంది, 26 నుంచి 110 దాకా మారుతుంది. మీకు అతకని ఫొటోలు బహుశా వేరే జూమ్‌లో తీసినవే.

నీడల సంగతికి గడియారం అంకెలు చాలు. మొదటి ఫొటో అంకెను చివరి ఫొటో అంకెలోంచి తీసేయండి. తేడా 3,600 దాటితే గంటకు పైగా గడిచినట్టే, నీడలు కలవవు. సైటులో ప్రతి ఫొటో వివరాల్లో అక్కడి స్థానిక సమయం కూడా ఇస్తారు. ఎడమ, కుడి నీడలు పక్కపక్కన పడ్డాయంటే మధ్యాహ్నానికి ముందువీ తర్వాతవీ కలిసిపోయాయన్నమాట. ఒక పూటవే ఉంచండి.

నల్ల గీతలు సెన్సర్ అంచువి. ఫొటో వెడల్పు 1648 పిక్సెళ్లుంటే, అందులో వెలుగు పడేది 1600 మాత్రమే. హ్యూగిన్‌లో వేయకముందే ఫొటో ఎడిటర్‌లో రెండు పక్కలా కోసేయండి, కోత అన్నింటికీ ఒకేలా ఉండాలి. లెన్స్ వివరాలు అది అడిగినప్పుడు ఊహించి కొట్టొద్దు. పిక్సెల్ 7.4 మైక్రాన్లు కాబట్టి 1600 పిక్సెళ్ల సెన్సర్ వెడల్పు 11.84 మి.మీ., క్రాప్ ఫ్యాక్టర్ (35 మి.మీ. ఫిల్ము కర్ణంలో సెన్సర్ కర్ణం ఎన్నో వంతో చెప్పే అంకె) 2.92. ఫోకల్ లెంగ్త్ 34 ఇస్తే అడ్డంగా 19.75 డిగ్రీలు చూపించాలి. కోయకుండా 1648తోనే నడిపితే అది 20.3 డిగ్రీలవుతుంది. కోసిన ఫొటోకి కోయని కోణం ఇచ్చారంటే మొత్తం చుట్టు తిరిగేసరికి మొదటి ఫొటో, చివరి ఫొటో కలవవు.

డెక్ రెండుగా రావడం మీ తప్పు కాదు. మాస్ట్ (కెమెరాలను మోసే స్తంభం) తల తిరిగే ఇరుసు మీద కెమెరా కూర్చుని ఉండదు, పక్కకి ఉంటుంది. తల తిరిగినప్పుడల్లా కెమెరా కూడా కొంచెం జరుగుతుంది. దూరపు గుట్టల్లో అది తెలియదు, రెండు మీటర్ల లోపు వస్తువుల్లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. డెక్ మీదా, నీడల అంచుల మీదా పడిన కంట్రోల్ పాయింట్లన్నీ (రెండు ఫొటోలను జత చేసే గుర్తులు) తీసేయండి. డెక్ ఏ ఫొటోలో బాగా వచ్చిందో అందులో ఉంచి, మిగతా వాటిలో మాస్క్ వేసి దాచేయండి.

నౌబత్_పహాడ్:
పైన చెప్పినదంతా సరే. కానీ ఫ్లెక్స్ మీద 360 డిగ్రీలన్న మాటే ముందు మార్చుకోవాలి. ఈ లెక్క చూడండి.

34 మి.మీ. దగ్గర డిగ్రీకి 81 పిక్సెళ్లు. 360 డిగ్రీలకు సుమారు 29,000. 12 అడుగులంటే 144 అంగుళాలు, అంగుళానికి 100 చుక్కలైతే 14,400 పిక్సెళ్లు. అంటే బొమ్మని సగానికి కుదించాలి. నిలువుగా ఒక ఫొటో 14.9 డిగ్రీలే. 3 డిగ్రీలు ఒకదాని మీద ఒకటి పడేలా రెండు వరుసలు పెడితే 26.8 డిగ్రీలు. సగానికి కుదించాక అది 1,085 పిక్సెళ్లు, అంటే 11 అంగుళాలు. 12 అడుగుల పొడవున అడుగు కూడా లేని రిబ్బన్ వస్తుంది. 3 అడుగుల ఎత్తులో మిగతాది ఖాళీ ఫ్లెక్సే.

దీనికి బదులు 180 డిగ్రీలే తీసుకోండి. 14,580 పిక్సెళ్లు వస్తాయి, కుదించే పని లేదు. ఎత్తు 2,170, అంటే దాదాపు 22 అంగుళాలు. పిల్లలు దగ్గరికొచ్చి చూసినా గులకరాళ్లు విడివిడిగా తెలుస్తాయి. వరుసకు 12 చొప్పున 24 ఫొటోలు సరిపోతాయి. మిషన్ వాళ్లు 2021 ఫిబ్రవరి 21న, సోల్ 3 నాడు, మాస్ట్‌క్యామ్-జెడ్‌తో తీసిన మొదటి పూర్తి చుట్టు పనోరమాకు 142 ఫొటోలు పట్టాయి.

పైన మిగిలిన అడుగు జాగాను దయచేసి కాపీ చేసిన ఆకాశంతో నింపకండి. అక్కడ కొలబద్ద, వివరాలు వేయండి. జెజెరో బిలం వ్యాసం 45 కిలోమీటర్లు. మన ఔటర్ రింగ్ రోడ్ పొడవు 158 కిలోమీటర్లు, దాన్ని సరైన వృత్తంగా వంచితే వ్యాసం 50 కిలోమీటర్లు. అలా వంచిన ఔటర్ లోపల జెజెరో మొత్తం పట్టేస్తుందని చెబితే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. మరో రోవర్ క్యూరియాసిటీ తిరుగుతున్న గేల్ బిలం వ్యాసం 154, అంటే ఔటర్‌ని తీగలా సాగదీసినంత!

ప్రింటు విషయం. తెర మీద కనిపించే ఎర్రమట్టి రంగు ఫ్లెక్స్ మీద ముదిరి గోధుమ రంగుకు తిరుగుతుంది, నీడల్లో వివరం పోతుంది. మొత్తం వేయించకముందు అడుగు ముక్క వేయించి, ట్యూబులైటు కింద కాకుండా ప్రదర్శన హాలు వెలుగులో చూడండి. మెరిసే రకం వద్దు, మ్యాట్ అడగండి.

కణిక_రంగు:
పసుపు ఛాయ గురించి ఎవరూ చెప్పలేదు. రా ఫొటోల్లో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా చేసే రంగు సవరణ) ఉండదు. ఆటోమేటిక్ కలర్ బటన్ నొక్కితే ఆకాశం నీలంగా, మట్టి బూడిదగా మారి అది అంగారకుడు కాకుండా పోతుంది.

రోవర్ మీద రంగులు సరిచూసుకునే కాలిబ్రేషన్ టార్గెట్ ఉంది, మధ్యలో పుల్ల, చుట్టూ బూడిదరంగు వలయాలు. రంగు బిళ్లల కింద అయస్కాంతాలు పెట్టారు, అవి ధూళిని తమ వైపు లాక్కుని నడిమి భాగాన్ని కాస్త శుభ్రంగా ఉంచుతాయి. అదే సోల్‌లో అదే కెమెరాతో తీసిన టార్గెట్ ఫొటో వెతకండి. ఎండ పడుతున్న బూడిద వలయం మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు చదవండి. ఉదాహరణకు 150, 140, 100 వచ్చాయనుకోండి. ఎరుపుని 0.93తో, నీలాన్ని 1.4తో గుణిస్తే మూడూ 140కి వస్తాయి. అవే గుణకాలు 24 ఫొటోలకూ, హ్యూగిన్‌లో వేయకముందే. అతికించాక చేస్తే అతుకుల దగ్గర తేడా మిగిలిపోతుంది.

ఒక మెలిక ఉంది. కెమెరా 11 బిట్లలో చూసిన వెలుగుని స్క్వేర్ రూట్‌కి దగ్గరగా ఉండే పట్టికతో 8 బిట్లకు కుదిస్తారు. ఆ పట్టిక సరిగ్గా స్క్వేర్ రూట్ కాదు కాబట్టి నేరుగా గుణిస్తే నీడల్లో రంగు కాస్త పక్కకి పోవచ్చు.  ఫ్లెక్స్‌కి ఇంత చాలు. ఖనిజాల గురించి ఏదైనా చెప్పాలంటే మాత్రం కాలిబ్రేట్ చేసిన డేటా నాసా ఆర్కైవ్‌లో వచ్చేదాకా ఆగాల్సిందే.

ఇలా సరిచేసిన రంగు ఆ రాళ్లు మన ఎండలో ఉంటే ఎలా కనిపిస్తాయో అది. అక్కడ గాల్లోని ధూళి నీలాన్ని మింగేస్తుంది కాబట్టి నిలబడి చూసేవాడికి అంతా ఇంకా బంగారు గోధుమగానే ఉంటుంది. రెండూ సరైనవే, ఏది వేశారో ఫ్లెక్స్ మీద ఒక ముక్క రాయండి.

ఉప్పల్_ఆకాశం:
చాలా థాంక్స్. ఫైలు పేర్లు చూస్తే 38లో 11 వేరే డ్రైవ్‌వి, 3 110 మి.మీ.వి. తీసేస్తే 24 మిగిలాయి, సరిగ్గా రెండు వరుసలు, బాగా అతికాయి. గీతలు, నీడలు సరిపోయాయి. ఇప్పుడు దిగంతం పాములా వంకర తిరుగుతోంది, ఎడమ పైకి, కుడి కిందకి.

మౌలాలి_గుట్ట:
రోవర్ వాలు మీద నిలబడి ఉంది, మాస్ట్ కూడా దాంతో పాటే ఒరిగింది. ఒరిగిన ఇరుసు చుట్టూ తిరిగితే దిగంతం అలలా వస్తుంది. మీది 180 డిగ్రీలు కాబట్టి ఆ అలలో సగమే కనబడుతోంది. హ్యూగిన్‌లో స్ట్రెయిటెన్ ఒక్కసారి నొక్కి చూడండి. కుదరకపోతే కంట్రోల్ పాయింట్లలో 'అడ్డ గీత' రకం ఎంచుకుని, దూరపు బిలం అంచు అడుగున, బాగా ఎడంగా ఉన్న నాలుగైదు చోట్ల పెట్టండి. శిఖరాల మీద పెట్టొద్దు, వాటి ఎత్తులు వేరు. రాళ్ల నిలువు పగుళ్లను నిలువు గీతలుగా అసలు వాడొద్దు, అవి నిటారుగా ఉండాలని ఏమీ లేదు. తర్వాత ఆప్టిమైజ్‌లో పిచ్ (పైకీ కిందకీ వంపు), రోల్ (పక్కకి ఒరుగు) మాత్రమే వదిలి, లెన్స్ విలువలను బిగించి నడపండి.