మీటర్ 58 అంటోంది, ముల్లు 70 అంటోంది. పనిలో పని, సిగార్ల లాయర్ కథ నిజమేనా?

పెట్టెలో_పెట్టె
అన్నలూ, రెండు సంగతులు. ఆఫీస్ గ్రూపులో ఎవడో పెట్టాడు, అమెరికాలో ఒక లాయర్ ఖరీదైన సిగార్లు కొని వాటికి అగ్నిప్రమాదం ఇన్సూరెన్స్ చేయించి, అన్నీ తాగేసి, "చిన్న చిన్న మంటల్లో పోయాయి" అని క్లెయిమ్ వేసి గెలిచాడంట, డబ్బులు పడ్డాక కంపెనీ వాడు సొంత ఆస్తి తగలబెట్టాడని కేసు పెట్టి లోపలేయించాడంట. నిజమేనా? ఇక అసలు బాధ. కొత్త హ్యూమిడార్ కొన్నా, అదే, సిగార్లు ఎండిపోకుండా తేమలో దాచే పెట్టె. మూతకున్న ముల్లు మీటర్ తేమ 70 శాతం చూపిస్తోంది, లోపల పెట్టిన బ్లూటూత్ మీటర్ ఫోన్‌లో 58 అంటోంది. తేమని 69 దగ్గర నిలబెట్టే ప్యాకెట్లు రెండు వేశా. మీటర్‌ని తడి ఉప్పుతో కలిపి మూసిపెట్టి సరిచూసే ఉప్పు టెస్ట్ చేస్తే బ్లూటూత్‌ది 81 వచ్చింది. ఎవర్ని నమ్మాలి? సిగార్ నొక్కితే ఎండుటాకు చప్పుడు వస్తోంది, ఏడుపొస్తోంది.

డాలస్_మావ
ఆ లాయర్‌ది నా కంటే సీనియర్ కథ. నేను ఈ దేశంలో దిగిన కొత్తల్లోనే ఈమెయిల్ ఫార్వర్డ్‌లో చదివా. అలాంటి కేసూ లేదు, తీర్పూ లేదు, ఉత్త పుకారు. వింత కావాలంటే నిజమైనవే బోలెడు. 1962లో కెనెడీ తన ప్రెస్ సెక్రటరీ సాలింజర్‌ని పిలిచి రేపు పొద్దున్నకల్లా వెయ్యి క్యూబా సిగార్లు కావాలన్నాడు. ఆయన ఊరంతా తిరిగి 1200 తెచ్చాడు. తెచ్చాడని తెలిశాకే సొరుగు తీసి క్యూబా సరుకు మీద నిషేధం కాగితం సంతకం పెట్టాడు. సాలింజరే తర్వాత చెప్పుకున్నాడు ఈ ముచ్చట. మనం ఇక్కడ ఒక్క పెట్టె కోసం నానా గడ్డీ కరుస్తున్నాం.

పెటిట్_కొరోనా
మూత సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగు. జారి బయటికొచ్చేస్తే గాలి పోతున్నట్టే.

సెన్సార్_శర్మ
22 ఏళ్ళ నుంచి ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ఉన్నానండి, ప్లాంటుల్లో ఇలాంటి మీటర్లు వందల్లో కాలిబ్రేట్ చేశా. ముల్లు మీటర్ సంగతి వదిలేయండి, లోపల చిన్న స్ప్రింగ్, అంతే, అలంకారానికి. బ్లూటూత్‌దే నమ్మాలి కానీ మీ ఉప్పు టెస్టే తప్పు. 75 రావాలి. ఏ ఉప్పు వాడారు?

పెట్టెలో_పెట్టె
గళ్ళుప్పు సార్. అమ్మ ఆవకాయకి తెప్పించింది, అందులోంచి ఒక గుప్పెడు.

సెన్సార్_శర్మ
దొరికింది దొంగ. గళ్ళుప్పులో మలినాలుంటాయి, అందుకే 81. ప్యాకెట్ ఉప్పుతో చెయ్యండి.

లంకరాజు
శర్మగారూ, తమరు పెద్దవారు గానీ ఈ ముక్క తలకిందులుగా చెప్పారండి. గళ్ళుప్పులో ఉండేది మెగ్నీషియం క్లోరైడ్. వానాకాలం ఉప్పు జాడీలో నీళ్ళూరేది దాని వల్లే. అది గాల్లో తేమని లాగేసుకుంటుంది కాబట్టి రీడింగ్ 75 కంటే దిగాలి, ఎక్కకూడదు. ఉత్త మెగ్నీషియం క్లోరైడ్ ముద్దతో చేస్తే 33 దగ్గర ఆగుతుంది. 81కి కారణం ఉప్పు కాదండి.

సెన్సార్_శర్మ
అయ్యా, నేను డిప్లొమా కుర్రాళ్ళకి పాఠాలు చెప్పినవాణ్ణి. వంటింటి కెమిస్ట్రీ ఇక్కడ వద్దు.

లంకరాజు
వంటింట్లోని ఉప్పే కదండీ టెస్ట్‌కి వాడమంటున్నది.

ఓరుగల్లు_టోరో
మీరు ఉప్పు మీద కొట్టుకుంటున్నరు గని నా గోస వినుండ్రి. వైన్ ఫ్రిజ్ కొని అందులో అరలు చెక్కవి చేయించి మంచిగ సెట్ చేసుకున్న. ఫోన్‌ల గ్రాఫ్ జూస్కుంట మురిసిపోయిన. మే నెలల అత్తగారింటికి పోయినం, నాలుగు దినాలు. ఇంట్ల కరెంట్ పోయింది, ట్రిప్ అయిన స్విచ్ ఎవ్వలు లేపలే. ఇంటర్నెట్ గుడ పోయింది, ఇగ అలర్ట్ యాడికెళ్ళి వస్తది? వచ్చి తెరిస్తే 39 డిగ్రీలు. వారం తర్వాత ఒక్క సిగార్ తీసి సూస్తే సూది పొడిసినట్టు గుండ్రటి రంధ్రాలు, కింద పిండి లెక్క పొడి. పురుగు పట్టింది. 31 పోయినయ్.

గుంటూరు_కారం_వాడు
అయ్యో. అది పొగాకు పురుగేగా, మిర్చికీ పసుపుకీ పట్టేది కూడా అదే పురుగు. మా కోల్డ్ స్టోరేజీ ఊరికే కట్టారనుకున్నావా? వేడెక్కిన కొద్దీ గుడ్లు పొదుగుతాయి. మిగిలినవి జిప్ కవర్లో వేసి ఒక రోజు మామూలు ఫ్రిజ్‌లో, తర్వాత డీప్ ఫ్రీజర్లో మూడు నాలుగు రోజులు, మళ్ళీ ఒక రోజు ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు బయటికి తియ్యి. గబుక్కున తీస్తే పై ఆకు పగుల్తుంది.

ఓరుగల్లు_టోరో
ఫ్రీజర్ల మా ఆమె చేపలు పెట్టింది. సిగార్లు పెడితే నన్ను గుడ అండ్లనే పెడ్తది.

డాలస్_మావ
ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడని, టోరో తమ్ముడూ, ఆ 31లో రంధ్రాలు లేనివి ఏమన్నా ఉంటే ఒకటి పంపు.

ఎడిసన్_కుర్రాడు
టాపిక్ మారుస్తున్నా, తిట్టకండి. మెక్సికోలో కాంకున్ వెళ్ళాం ఫ్యామిలీతో. బీచ్‌లో ఒకాయన కొహీబా ఎస్ప్లెండిడోస్ అని ఖరీదైన క్యూబా సిగార్ల పెట్టె తెచ్చాడు, వాళ్ళ బావ హవానా ఫ్యాక్టరీలో పనిచేస్తాడంట, అందుకని సగం ధరకిస్తున్నాడంట. గాజు మూత, లోపల తళతళలాడుతూ 25. నేనేం పిచ్చోణ్ణి కాదు, ఫోటో తీసి ఏఐని అడిగా. బ్యాండ్ రంగు, చుక్కల వరసలు అన్నీ సరిపోయాయి, అసలుదే, మంచి బేరం అంది. కొనేశా. ఇప్పుడు వెలిగిస్తే తడి గోనెసంచి వాసన.

డాలస్_మావ
గాజు మూతా!!!! బాబూ, కొహీబా వాళ్ళు గాజు మూత పెట్టె చెయ్యనే చెయ్యరు. గాజు మూత కనపడగానే పరిగెత్తాలి, ఇది మా చిన్నోడికి కూడా తెలుసు. ఏఐ బ్యాండ్ చూసింది గానీ మూత చూడలేదన్నమాట. పెట్టె మీద వారంటీ సీల్‌కి బార్‌కోడ్ ఉంటుంది, ఆ నంబర్ క్యూబా సిగార్లమ్మే హబానోస్ కంపెనీ సైట్‌లో కొడితే చెబుతుంది. దానికి ఏఐ ఎందుకు? ఇంకో మాట, అది అసలుదే అయినా అమెరికాలోకి తేకూడదు. ప్రయాణికులు క్యూబా సిగార్లు వెంట తెచ్చుకునే వెసులుబాటు 2020 సెప్టెంబర్‌లో తీసేశారు. నకిలీది కాబట్టి బతికిపోయావ్.

ఎడిసన్_కుర్రాడు
అంటే నేను మోసపోవడం వల్ల చట్టాన్ని గౌరవించినట్టా

సెన్సార్_శర్మ
ఏఐ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా, గళ్ళుప్పు విషయం దాన్నే అడిగా. నాదే కరెక్ట్ అంది.

లంకరాజు
ఇప్పుడే గాజు మూతని అసలుదని చెప్పింది కూడా అదేనండి.

సెన్సార్_శర్మ
మీరు వ్యక్తిగతంగా వెళ్తున్నారు. మోడరేటర్ ఎక్కడ?

మోడరేటర్
ఇక్కడే ఉన్నా, ఉప్పు తగ్గించండి ఇద్దరూ. ఆ దున్నపోతు పద్యం మాత్రం ఎవరూ పెట్టొద్దు, వారానికి నాలుగుసార్లు డిలీట్ చేస్తున్నా.

సగం_చుట్ట
వింత వార్తలు అన్నారు కదా, క్యూబా నాయకుడు కాస్ట్రోకి పేలే సిగార్ ఇచ్చారంట సీఐఏ వాళ్ళు, నోట్లో పెట్టుకోగానే ఢామ్మని. అది చెప్పండెవరైనా.

డాలస్_మావ
పేలేది అందరూ చెప్పుకునేది. 1975 సెనేట్ కమిటీ రిపోర్ట్‌లో ఉన్నది విషం సిగార్లు. ఆయనకిష్టమైన రకం పెట్టె ఒకటి తీసుకుని బోటులినం అనే విషం పూశారు, నోట్లో పెట్టుకుంటే చాలు చావాలని. 1961 ఫిబ్రవరిలో ఒకడి చేతికిచ్చారు, ఆ తర్వాత ఏమైందో రిపోర్ట్‌లో తేలలేదు. ఆయన మాత్రం 1985లో తనే మానేసి 90 దాకా బతికాడు. ఆ 90వ పుట్టినరోజుకి హవానాలో క్వేతో అని పిలిచే పెద్దాయన 90 మీటర్ల సిగార్ చుట్టాడు, 2016లో. అంతకుముందు రికార్డు కూడా ఆ చుట్టినాయనదే, 81.80 మీటర్లు.

ఓరుగల్లు_టోరో
90 మీటర్లా. ఈ చివర వెలిగిస్తే ఆ చివర పీల్చేటోడు పక్క బస్టాపుల నిలబడాలె.

లంకరాజు
మీరంతా క్యూబా క్యూబా అంటారు. మా గోదావరి లంకల్లో ఏటా వరదకి కొత్త ఒండ్రు వేస్తుంది, ఆ నేల మీద పండిన ఆకు తిరుచిరాపల్లి చుట్టల్లోకి వెళ్ళేదండి, ఆ తిరుచ్చి చుట్టలంటే ఇంగ్లండులో ఒకప్పుడు గొప్ప మోజు. మా తాతకి మీటర్ లేదు, ఫోన్ లేదు. చుట్టల్ని మట్టి కుండలో పెట్టి మూతి మీద అరటాకు కప్పి, కుండ చుట్టూ తడిగుడ్డ చుట్టేవాడు. పొద్దున్నే చుట్ట తీసి చెవి దగ్గర పెట్టుకుని నలిపేవాడు. చప్పుడొస్తే గుడ్డ తడిపేవాడు, లేదంటే లేదు. అదండీ మా సెన్సార్.

పలాస_పిల్లడు
మా నానమ్మయితే అడ్డపొగ. నిప్పున్న వేపు నోట్లోకి పెట్టీసి గడ్డి కోసీది, గాలొచ్చినా ఆరదు, చేతులు ఖాళీ. ఏటి మీ టార్చ్ లైటర్లూ టేబుల్ లైటర్లూ, ఒక్క అగ్గిపుల్లతో సాయంత్రం దాకా లాగించీది. ఇంతకంటే గొప్ప టెక్నాలజీ చూపించండి ఎవులైనా.

పళ్ళ_డాక్టర్
గొప్పలు చాలు. మీ జిల్లాలో ఆ అడ్డపొగ మీదే 1971లో 10,169 మంది ఊళ్ళ జనాన్ని పరీక్షించి పేపర్ వేశారు, ఇప్పటికీ మాకు పాఠం అది. అంగిలి మీద తెల్లమచ్చలు, ఆ తర్వాత పుళ్ళు, కొందరికి క్యాన్సర్. నేనూ వారానికి ఒక సిగార్ తాగేవాణ్ణే, నీతులు చెప్పట్లేదు. కానీ అడ్డపొగ ముచ్చట అనిపిస్తే ఒకసారి మా ఓపీకి రా.

పలాస_పిల్లడు
మా నానమ్మ 84 బతికిందండి.

పళ్ళ_డాక్టర్
అంగిలి ఎవరైనా చూశారా?

పలాస_పిల్లడు
...లేదండి. ఆఖర్న రెండేళ్ళూ గంజి తప్ప ఏటీ మింగలేకపోయీది. మేం పెద్దతనం అనుకున్నాం.

గుంటూరు_కారం_వాడు
టార్చ్ లైటర్ అంటే గుర్తొచ్చింది, పోయిన నెల శంషాబాద్‌లో సెక్యూరిటీ అమ్మాయి నాది తీసేసుకుంది. చెక్-ఇన్ బ్యాగ్‌లో పెడతానన్నా, అందులోనూ కుదరదంది. అగ్గిపెట్టె కూడా వద్దంది. దిగాక పాన్ షాపులో పది రూపాయల లైటర్ కొని 900 సిగార్ వెలిగించా, గ్యాస్ కంపు.

పెట్టెలో_పెట్టె
అన్నలూ నా 58 సంగతి??

లంకరాజు
బాబూ, ఉప్పు టెస్ట్‌లో నీళ్ళు ఎన్ని పోశావు?

పెట్టెలో_పెట్టె
గ్లాసులో సగం. ఉప్పు ఆ గుప్పెడే వేశా, గిలక్కొడితే మొత్తం కరిగింది.

లంకరాజు
అదిగో. అది టెస్ట్ కాదు, ఓఆర్ఎస్. ఉప్పు కరక్కుండా అడుగున మిగలాలి, తడిసిన ఇసకలా ఉండాలి. సీసా మూతలో ప్యాకెట్ ఉప్పు పోసి నాలుగు చుక్కలు నీళ్ళు, మీటర్‌తో కలిపి జిప్ కవర్లో వేసి గాలి పోకుండా మూసి రేపటిదాకా ముట్టుకోవద్దు.

సెన్సార్_శర్మ
నేనూ ప్యాకెట్ ఉప్పు అనే చెప్పాను, రికార్డుల్లో ఉంది.

పెట్టెలో_పెట్టె
చేశా. 24 గంటల తర్వాత 76. అంటే మీటర్ ఒక్క పాయింట్ ఎక్కువ చూపిస్తోంది, పెట్టెలో నిజంగా 57. ముల్లు మీటర్‌ని కూడా అదే కవర్లో వేశా, అది 70 నుంచి కదల్లేదు, గోరుతో తట్టినా కదల్లేదు. ఇందాక వంటగట్టు మీద పెట్టినా 70యే.

డాలస్_మావ
ఆ ముల్లు గమ్‌తో అంటించారేమో చూడు

పెట్టెలో_పెట్టె
ఇంకో సంగతి. పది రూపాయల నోటు పెట్టి మూత వేసి లాగా. వెనక పక్క గట్టిగానే ఉంది, ముందు ఎడం మూల వెన్నలా వచ్చేసింది. ఆ సందులోంచి లైట్ కూడా కనిపిస్తోంది.

సెన్సార్_శర్మ
సీల్ లీకేజ్. నేను మొదటి నుంచీ అనుమానిస్తూనే ఉన్నా.

పెటిట్_కొరోనా
మూడో పోస్ట్ ఎవరిదో ఒకసారి పైకెళ్ళి చూస్తారా.