సమస్య: అమ్మ కొట్టె, బిడ్డ హాయి నవ్వె

బరంపురం అక్కయ్య (నిర్వాహకురాలు):
మన సమస్యాపూరణకి ఈ వారం పాదం ఇదిగో, ఇదే చివరి పాదంగా వచ్చేలా మీ పద్యం అల్లాలి. పొద్దున చారుకి పోపు పెడుతుంటే నోట్లోకి వచ్చేసింది. పోపు మాడింది గానీ పాదం దక్కింది.

*అమ్మ కొట్టె, బిడ్డ హాయి నవ్వె*

షరతు ఒక్కటే: దెబ్బ బిడ్డ మీద పడకూడదు. పసిపిల్లల్ని కొట్టే పద్యం మన దగ్గర వద్దు. పాదం చివర విసంధి, అంటే సంధి కలపకపోవడం, వస్తే చూసీచూడనట్టు వదిలేద్దాం. పోయినసారి ఆ తగువుతోనే మూడు రోజులు గడిచిపోయాయి.

రాయగడ బాబాయి:
పాదం బంగారం అక్కయ్యా. కానీ బిడ్డ "హాయిగా" నవ్వాలి కదా? "హాయి నవ్వె" అంటే ఆ "గా" ఎక్కడికి పోయింది?

బరంపురం అక్కయ్య:
చదవగానే మీకు బిడ్డ మొహం కనబడిందా లేదా? కనబడితే ఆ "గా" నాకు అక్కర్లేదు బాబాయి గారూ. పూరణ పంపండి.

పర్లాకిమిడి మాస్టారు:
ఇదిగో నాది.

*గడప తగిలి పడిన కన్నయ్య యేడ్వగా*
*దానిదేర తప్పు తండ్రి యనుచు*
*గుమ్మమునకు నొకటి గుద్దెద నేనని*
*అమ్మ కొట్టె, బిడ్డ హాయి నవ్వె*

జయపురం వదిన:
"దానిదేర తప్పు తండ్రి" దగ్గరే ఆగిపోయాను మాస్టారూ. ఇది మా అమ్మ గొంతు. పడిన పిల్లాణ్ణి ఎత్తుకుని, ముందు మోకాలు ఊది, తర్వాత గుమ్మాన్ని ఒక్కటి వేసేది. గుమ్మానికి నొప్పి పుట్టిందా అని మేం వంగి చూసేవాళ్ళం, అప్పటికి ఏడుపు మర్చిపోయేవాళ్ళం.

రాయగడ బాబాయి:
మాస్టారి చేయి తిరిగిన పద్యం, కాదనను. ఒక్క సందేహం. తగిలింది గడప, దెబ్బ పడింది గుమ్మానికి. నేరం ఒకరిది, శిక్ష ఇంకొకరికి. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పినవారు ఇలా చేయొచ్చా?

పర్లాకిమిడి మాస్టారు:
తెలిసే రాశాను బాబాయి గారూ. శుక్రవారం పొద్దున్నే మా ఆవిడ గడప కడిగి, తడి ఆరకముందే పసుపు రాసి, బియ్యప్పిండితో గీతలు వేసి, మధ్యలో కుంకుమ బొట్లు పెడుతుంది. వంగి రాయడం ఈ మధ్య కష్టమైతే పీట వేసుకుని కూర్చుని మరీ రాస్తోంది. ఆ చేయి గడప మీద దెబ్బ వేస్తుందా? గడప లక్ష్మి. మా పక్కింటి ఒడియా వాళ్ళు మార్గశిర గురువారాల్లో గుమ్మంలోంచి లోపలికి వచ్చేలా లక్ష్మీ పాదాలు వేస్తారు. అందుకే దెబ్బ పక్కనున్న ద్వారబంధం మీద పడింది. పిల్లాడికి చప్పుడు వినబడితే చాలు.

బరంపురం అక్కయ్య:
ఇది పద్యంలో లేదు గానీ పద్యం కింద ఉంది. ఇక గడప ఎక్కడ, గుమ్మం ఎక్కడ అని నేను అడగను. బాబాయి గారూ, మీరూ అడగొద్దు.

జయపురం వదిన:
నాది కొట్టడం వేరు. చూడండి.

*రోట బియ్యముంచి రోకలి చేబట్టి*
*అరిసెపిండి కొరకు నత్త పిలువ*
*గాజులన్ని దరువు గట్టగా ఘల్లున*
*అమ్మ కొట్టె, బిడ్డ హాయి నవ్వె*

పర్లాకిమిడి మాస్టారు:
భేష్. పిండి దంచడాన్ని మనం "పిండి కొట్టడం" అంటాం కదా, ఆ మాటనే పట్టుకున్నారు. సమస్యలోని క్రియ ఒక్క అక్షరం కదలకుండా పని మారిపోయింది. మూడో పాదంలో "ఘల్లున" చివర పెట్టడం మరీ నచ్చింది. రోకలి కింద పడినప్పుడు గాజులు పలికినట్టే ఉంది.

గుణుపురం కోడలు:
వదినా, అరిసెలకి నానబెట్టిన బియ్యం తడి మీద ఉండగానే కొట్టాలని మా అత్తగారు తొందరపెడతారు. ఎదురింటి ఒడియా అత్త కూడా అదే అంటుంది, వాళ్ళకి అది అరిసా. పండక్కి రెండిళ్ళ పళ్ళాలూ మారతాయి. మా పాప ఏ ఇంటిదైనా అంచే ముందు కొరుకుతుంది.

పర్లాకిమిడి మాస్టారు:
పిండివంట అనగానే గుర్తొచ్చింది. పోయిన నెల "పాలు విరిగె నింట పండుగయ్యె" అన్న పాదానికి బాబాయి గారు విరిగిన పాలతో ఛేనాపోడ అనే ఒడియా మిఠాయి చేయించారు. ఊహ అద్భుతం, మనలో ఇంకెవరికీ తట్టలేదు. కానీ గణం, అంటే పాదంలో అక్షరాల కొలత, కుదరడం కోసం దాన్ని "ఛేనపోడ" చేశారు. రోజూ ఒడియా వినే ఊళ్ళో ఉండి ఆ దీర్ఘాన్ని మింగేయడం నాకు ఇప్పటికీ గొంతు దిగలేదు.

రాయగడ బాబాయి:
మాస్టారూ, నెల రోజులు మనసులో పెట్టుకున్నారా! సీతా సీత అయింది, గంగా గంగ అయింది, లతా లత అయింది. బయటి నుంచి మన ఇంటికి వచ్చిన మాట చివరి దీర్ఘాన్ని గుమ్మం దగ్గర విడిచి వస్తుంది. ఛేనాకి మాత్రం ఎందుకు మినహాయింపు? ఈ నియమం నాకు నేర్పింది మీరే, ఆరేళ్ళ కిందట, ఇక్కడే.

పర్లాకిమిడి మాస్టారు:
నేర్పాను. ఒప్పుకున్నాను. మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గుణుపురం కోడలు:
పెద్దవాళ్ళ మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. ఇది నా రెండో పద్యం. టెన్షన్‌గా ఉంది.

*జహ్నమాము రాడె, చారన్న మొద్దనె*
*చిట్టితల్లి మూతి చిన్నబోయె*
*మబ్బు దాటి మామ మరల రాగ చప్పట్లు*
*అమ్మ కొట్టె, బిడ్డ హాయి నవ్వె*

మా పాపకి రెండున్నరేళ్ళు. మా వీధంతా ఒడియానే, అందుకని చందమామ దానికి జహ్నమాము. రాత్రి డాబా మీద అన్నం పెడుతుంటే మామయ్య కొండ మీది మబ్బులోకి వెళ్ళిపోయాడు. ముద్ద బుగ్గలోనే పెట్టుకుని, మింగదు, ఉమ్మదు. చారు గడ్డం మీద నుంచి గౌను మీదికి కారుతోంది. మబ్బు అంచు తెల్లబడగానే గిన్నె కింద పెట్టేసి చప్పట్లు కొట్టాను. అది నవ్వింది. నవ్వుతూ మింగేసింది కూడా.

జయపురం వదిన:
మింగేసిందన్న చోట నాకూ ప్రాణం లేచొచ్చింది. ముద్ద బుగ్గలో దాచే పిల్లల్ని పెంచినవాళ్ళకే తెలుస్తుంది ఆ క్షణం.

రాయగడ బాబాయి:
అమ్మాయ్, జహ్నకీ చారుకీ యతి, అంటే పాదంలో రెండు చోట్ల అక్షరాల జత, కుదిర్చావు చూశావా, ఒడియా మాటకి తెలుగు మాటని జోడీ కట్టావు. మాస్టారు ఇన్నేళ్ళలో అది చేయలేదు. కానీ మూడో పాదంలో ఒక అక్షరం జారింది. "రాగ"లో "గ" దిగబడింది. నేను పొద్దున్నుంచి అక్కయ్య పాదంలో వెతుకుతున్నది ఇదే, నీ పాదంలోకి వచ్చి కూర్చుంది.

బరంపురం అక్కయ్య:
దొరికింది కదా, ఇక నన్ను వదిలేయండి. అమ్మాయ్, ఆ "గ" తీసేస్తే చాలు, "రా" ఒక్కటే "రాగా" అన్న అర్థం ఇస్తుంది. "మబ్బు దాటి మామ మరల రా, చప్పట్లు." చదివి చూడు.

గుణుపురం కోడలు:
చదివాను అక్కయ్యా. "రా" దగ్గర ఆగితే పాప పిలిచినట్టే ఉంది. అది అలాగే అంటుంది, చేయి చాపి, రా, రా అని.

పర్లాకిమిడి మాస్టారు:
అయితే ఆ అక్షరం జారడమే మంచిదైంది. సవరణతో పద్యం ఒక మెట్టు ఎక్కింది. "మామ రా" అన్నప్పుడు రాక ఉంది, పిలుపు కూడా ఉంది. ఇది నేను రాసి ఉంటే బాగుండేదనిపించింది.

కొరాపుట్ తమ్ముడు:
"చారన్న మొద్దనె" చెల్లుతుందా? "వద్దనె" అని ఉండాలి కదా?

పర్లాకిమిడి మాస్టారు:
తమ్ముడూ, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని నేను ఆ మాట దిద్దలేను. జనం నోట్లో ఉన్న మాట రాతలోకి రావాలని జీవితమంతా కొట్లాడినాయన ఆయన. కొండల్లో సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చినాయన. 1936 ఏప్రిల్ 1న మా ఊరు ఒడిశాలో కలిసింది. బడీ, కచేరీ, బజారు బోర్డులూ మారాయి. రాత్రి పిల్లకి ముద్ద పెట్టేటప్పుడు వినిపించే "ఒద్దు" మారలేదు. రెండున్నరేళ్ళ పాప "వద్దు" అని ఒత్తి పలకదు. "ఒద్దు" అంటుంది, తల అడ్డంగా తిప్పేస్తుంది. పద్యంలో అదే ఉండాలి.

కొరాపుట్ తమ్ముడు:
సరే మాస్టారూ. మా బాబు కూడా ఒద్దనే అంటాడు.

రాయగడ బాబాయి:
నా ఓటు గుణుపురానికి. మాస్టారి గుమ్మానికి రెండో స్థానం. ఇది నేను మనస్ఫూర్తిగా అంటున్నాను, రాసి పెట్టుకోండి.

జయపురం వదిన:
బాబాయి గారూ, మీ పూరణ ఏదీ? పొద్దున్నుంచి అందరివీ తూకం వేస్తూనే ఉన్నారు.

రాయగడ బాబాయి:
మొదలుపెట్టాను. మనవరాలు వచ్చి ఒళ్ళో కూర్చుంది, కాగితం దాని చేతిలో ఉంది. నిద్రపోయాక పంపుతాను.

బరంపురం అక్కయ్య:
పంపండి, రేపటిదాకా తెరిచే ఉంచుతాను. ఈలోగా వచ్చే వారం పాదం ఇస్తున్నాను. పొద్దున మాడిన పోపు వల్లే తోచింది.

*అడుగు మాడె, వంట యమృతమయ్యె*

ఛేనాపోడ మాత్రం తేవద్దు. ఒడియాలో పోడ అంటే మాడినది, దాని పేరులోనే మాడు ఉంది, అందరూ అక్కడికే పరిగెత్తుతారు. బాబాయి గారూ, ముఖ్యంగా మీకే చెబుతున్నాను.

గుణుపురం కోడలు:
అక్కయ్యా, పాలకోవా గిన్నె అడుగు గీరి పిల్లకి పెట్టడం తేవచ్చా?

బరంపురం అక్కయ్య:
తీసుకురా తల్లీ. గణాలు ఈసారి రెండుసార్లు లెక్కపెట్టుకుని తీసుకురా.